అద్దాల బిల్డింగుకి పాకిన మల్లెతీగ

సాయంత్రం నాలుగున్నరకి పుప్పాలగూడ మలుపులో సత్తెమ్మ చాయ్ బండి దగ్గర బుల్లిబాబు వచ్చి కూర్చున్నాడంటే, ఇక ఆ చుట్టుపక్కల మాట్లాడే హక్కు ఇంకెవరికీ లేనట్టే. మనిషి బక్కపల్చన, గొంతు మాత్రం మైకు. నర్సాపురం వైపు నుంచి వచ్చి ఇన్నేళ్లయినా గోదావరి మాట పిసరంత కూడా పోలేదు. వెనక సందులో రేకుల షెడ్డు, అందులో తలుపుల మీదా పూజామందిరాల మీదా లతలూ నెమళ్లూ చెక్కే పని. పని బాగా తెలిసినవాడే, అందులో ఎవరికీ అనుమానం లేదు. ఆ పని గురించి ఆయన చెప్పే మాటల మీదే అందరికీ అనుమానం.

ఆ రోజు ఆయన గొంతు మామూలుకంటే ఇంకాస్త పైకి లేచింది. ఎదురుగా ప్లాస్టిక్ స్టూలు మీద కిరణ్మయి కూర్చుని ఉంది మరి. రోడ్డవతల అద్దాల బిల్డింగులో టీమ్ లీడు. వాళ్ల కంపెనీ కింది అంతస్తులో ఓ పెద్ద గది ఖాళీ చేసి, ఉద్యోగులు చేతిపనులు నేర్చుకోడానికి ఇచ్చింది. కంప్యూటర్ల ముందు కూర్చుని కూర్చుని వేళ్లు మొద్దుబారినవాళ్లు శనివారాలు చెక్క మీదో, కొబ్బరి చిప్ప మీదో ఏదో ఒకటి చెక్కుకుంటారన్నమాట. దానికో చెక్కే మిషన్ కొనాలి, నేర్పే మనిషిని పెట్టాలి. రెండూ కిరణ్మయి చేతుల్లోనే ఉన్నాయి. ఆరింటిలోపు ఏదో ఒకటి తేల్చి ఆఫీసులో చెప్పెయ్యాలి.

ఆ నేర్పే పని బుల్లిబాబుకి కావాలి. చాలా కావాలి. ఈమధ్య తలుపులన్నీ ఫ్యాక్టరీలో కంప్యూటర్ మిషన్ కింద పెట్టి చిటికెలో చెక్కేస్తున్నారు. షెడ్డుకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆయన చెక్కుతుంటే పక్కన నిలబడి "అబ్బా!" అనే మనిషి కరువై చాలా కాలమైంది. పని లేకపోయినా సర్దుకుంటాడు గానీ, చూసేవాళ్లు లేకపోతే బుల్లిబాబుకి ప్రాణం నిలవదు. కుర్రాళ్లూ అమ్మాయిలూ చుట్టూ చేరి తన వేళ్ల వంకే కళ్లప్పగించి చూస్తారన్న ఊహకే నిన్నటినుంచి ఆయనకి అన్నం సయించడం లేదు.

"బాబాయ్ గారూ," అంది కిరణ్మయి. వాళ్లది కాకినాడ, అందుకే మొదటిరోజే వరస కలిపేసింది. "నాకు తెలియాల్సింది ఒకటేనండి. చేత్తో పట్టుకునే మిషన్ కొనాలా, మీ దగ్గరున్న వేలాడే రకం కొనాలా? చేతి మిషనైతే నేర్పడానికి వీడియోలు చేసే కుర్రాడొకడు వస్తానన్నాడు. మీది ఎందుకు మంచిదో రెండు ముక్కల్లో చెప్పండి, నేను వెళ్లి చెప్పేస్తాను."

ఆ రెండు ముక్కలూ బుల్లిబాబుకి తెలుసు. చేతి మిషన్లో మోటరు మన గుప్పిట్లోనే ఉంటుంది. కాసేపటికి వేడెక్కుతుంది, చెయ్యి లాగుతుంది. ఫ్లెక్సిబుల్ షాఫ్ట్ మిషన్లో మోటరు పైన కొక్కేనికి వేలాడుతుంది, దాన్నుంచి ఎటు కావాలంటే అటు వంగే గొట్టం ఒకటి కిందికి దిగుతుంది, గొట్టం చివర పెన్నంత పిడి ఉంటుంది. బరువంతా కొక్కెం మోస్తుంది, చేతికి పనొక్కటే మిగులుతుంది. వేగం కాలికింద పెడల్‌తో. సన్నపని గంటల తరబడి చేసుకోవాలంటే అదే కొనాలి. ఇంత చెప్పి, చాయ్ తాగి లేచిపోవచ్చు. కానీ ఇంతే చెప్పి ఊరుకుంటే ఆయన బుల్లిబాబు ఎందుకవుతాడు?

"రెండు ముక్కలేంటమ్మా, ఒక్క ముక్క చాలు," అని చొక్కా జేబులోంచి ఆ స్టీలు పిడిని తీసి, రెండు వేళ్ల మధ్య పెట్టి అందరికీ కనబడేలా ఎత్తాడు. "ఇదీ ఆ ముక్క. దీనితో నేను చేసిన పని వింటే, నువ్వు ఇక్కణ్నుంచే ఫోన్ చేసి మిషన్ ఆర్డర్ పెట్టేస్తావు."

"ఇగ షురువైంది," అన్నాడు మొగిలి. ఆ అద్దాల బిల్డింగు గేటు దగ్గరే సెక్యూరిటీ. పరకాల దగ్గరి ఊరు. డ్యూటీ మధ్యలో చాయ్‌కొచ్చాడు.

"నువ్వుండవయ్యా. విను కిరణ్మయమ్మా. ఇక్కడే పుప్పాలగూడలో ఓ పెద్దాయన అపార్ట్‌మెంటు. పూజగది తలుపు మీద లక్ష్మీదేవిని చెక్కించుకుంటున్నాడు. నాకంటే ముందు ఎవడో చేతి మిషన్‌వాడు మొదలెట్టాడు. అరటిబోదె పట్టుకున్నట్టు పట్టుకున్నాడు దాన్ని. చీర అంచు దాకా బాగానే లాగించాడు. ముక్కుపుడక దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణికిందండీ. ముక్కుపుడక కాస్తా చెవి దాకా పోయింది. పెద్దాయన లబోదిబోమంటూ నా దగ్గరికొచ్చాడు. నేను వెళ్లాను. ఫ్యాను కొక్కేనికి మోటరు తగిలించాను. పిడి ఇదిగో ఇలా పట్టుకున్నాను. పెన్నుతో సంతకం పెట్టినట్టే. గంటలో ముక్కుపుడక దాని చోటికి అది వచ్చి కూర్చుంది."

"గంటల అయితే అయితదేమో," అన్నాడు మొగిలి చాయ్ ఊదుకుంటూ. "గది నమ్ముత."

ఇంకో మనిషైతే సంతోషించి అక్కడితో ఆపేవాడు. బుల్లిబాబుకి మాత్రం ఎవరైనా నమ్మేశారంటే అదో వెలితి. అంత సులువుగా నమ్మారంటే ఇంకా బోలెడు చోటు మిగిలిపోయిందని ఆయన లెక్క.

"ముక్కుపుడకదేముందయ్యా, అది పిల్లల పని! జుట్టు సంగతి విను. పిడి తేలిగ్గా ఉంది కదా అని అమ్మవారి జుట్టు ఒక్కో వెంట్రుకా విడివిడిగా చెక్కాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మర్నాడు పొద్దున్నే ఆ ఇంటావిడ ఫోను. 'బుల్లిబాబు గారూ, తలుపు తీసినప్పుడల్లా గాలికి అమ్మవారి ముంగురులు కళ్లమీద పడిపోతున్నాయండీ, ఒకసారి వచ్చి సవరించి వెళ్లండి' అని! నేను మిషన్ తీసుకెళ్లలేదు. దువ్వెన పట్టుకెళ్లాను."

"నూనె గూడ రాసినవా అన్నా?" అంది సత్తెమ్మ, పొయ్యి మీద పొంగుతున్న చాయ్ మీంచి చూపు తిప్పకుండా.

"రాయకుండా ఎలాగే సత్తెమ్మా? కొబ్బరి నూనె. టేకుకి మంచిది."

కిరణ్మయి పకపకా నవ్వింది. ఆ నవ్వు వినగానే బుల్లిబాబుకి ఎక్కడ లేని ఊపొచ్చింది. అమ్మాయి నవ్విందంటే సగం పని అయిపోయినట్టే అనుకున్నాడు. స్టూలు ముందుకి లాక్కున్నాడు.

"ఇంతకీ ఆ పెద్దాయన ఎవరనుకున్నావమ్మా? మీ అద్దాల బిల్డింగు కట్టించినాయన! అమ్మవారి జుట్టు చూసి ఆయన నా చేతులు పట్టుకుని, 'బుల్లిబాబూ, ఇంత డబ్బు పోసి నలభై అంతస్తులు లేపానయ్యా, ఎటు చూసినా అద్దమే, బోసిగా ఉంది. కిందనుంచి పైదాకా ఒక మల్లెతీగ పాకించగలవా?' అన్నాడు. ఓస్, అంతేనా అన్నాను. నేనొక్కణ్నే కాదు, చేతి మిషన్ల వాళ్లు కూడా వచ్చారు. బొంబాయి నుంచి ఒకడు, దుబాయి నుంచి ఇంకొకడు. ఎంత మొనగాళ్లనుకున్నావు! అయితే ఏం లాభం? మోటరు చేతిలోనే ఉందాయె. మూడో అంతస్తు దాటేసరికి అందరికీ భుజాలు జారిపోయాయి. ఇప్పటికీ వాళ్లకి అన్నం వాళ్ల ఆవిడలే కలిపి పెడుతున్నారు."

"అయ్యో పాపం," అంది కిరణ్మయి.

"పాపమే! ఎంచుకునేటప్పుడే బుద్ధుండాలి. నేనైతే పెద్దాయన్ని ఒకటే అడిగాను. 'అయ్యా, మోటరు ఎక్కడ తగిలించమంటారు?' నువ్వూ ముందు అదే చూసుకోవాలమ్మా, రాసుకో. మిషన్ కొనేముందు కొక్కెం చూసుకోవాలి. మోటరు మన తలకంటే ఎత్తులో ఉండాలి, షాఫ్టు పైనుంచి హాయిగా కిందికి దిగాలి."

కిరణ్మయి నిజంగానే ఫోనులో రాసుకుంది. అది చూసి బుల్లిబాబు ఇక ఆగలేదు.

"నలభై అంతస్తుల పని కదా, దానికి పైన కొక్కెం ఎక్కడిది? పక్కన ఇంకో బిల్డింగు కడుతున్నారు. దాని క్రేన్ ఉందే, ఆ క్రేన్ కొక్కేనికి తగిలించాను మోటరు. క్రేన్ నడిపే కుర్రాడు భయపడితే, 'నీకేం భయం లేదురా అబ్బాయ్, నువ్వు ఊరికే పట్టుకుని నిలబడు' అన్నాను."

"మోటర్ సరే," అన్నాడు మొగిలి. "నీ గొట్టం నా చెయ్యంత పొడుగు లేదు. నలభై అంతస్తులకు గది ఎట్ల అందుతది?"

"అదీ అడగాల్సిన మాట! చేయించానయ్యా. కొత్త షాఫ్టు, ప్రత్యేకంగా. అయితే షాఫ్టుకి ఒక మర్యాద ఉంది. దాన్ని టక్కున మడవకూడదు. మెలిక పడిందా, లోపల తిరిగే తీగ గొట్టానికి రాసుకుని కాలిపోద్ది. ఎప్పుడూ పెద్ద వంపే ఇవ్వాలి, ఉయ్యాల తాడు వేలాడినట్టు. చిన్న షాఫ్టుకైతే చిన్న వంపు. అంత షాఫ్టుకి ఎంత వంపు కావాలి? ఈ రోడ్డు మీద చోటేదీ? అందుకని క్రేన్ మీంచి తీసుకెళ్లి మియాపూర్ దగ్గర తిప్పి, బోరబండ స్టేషన్ పైనుంచి వెనక్కి లాక్కొచ్చి, దుర్గం చెరువు మీద ఇంకో వంపేసి, మళ్లీ ఇక్కడికి దించాను. ఒక్క మెలిక పడితే ఒట్టు!"

సత్తెమ్మ గరిటె ఆపింది. "బోరబండల మా చెల్లె అంజమ్మ ఉంటది గదనే. ఏనాడు జెప్పలే."

"ఎందుకు చెబుతుంది? ఆవిడ దానిమీద బట్టలారేసుకుంది. పై గొట్టం తిరగదు కదా, లోపలి తీగే తిరుగుద్ది. గోరువెచ్చగా ఉంటుంది, చీరలు ఇట్టే ఆరిపోయేవి. కిరాయి అడుగుతానేమోనని నీ చెల్లెలు నోరు మెదపలేదు."

"అంజి అసొంటిదే," అని ఒప్పేసుకుంది సత్తెమ్మ. పక్కన నిలబడి చాయ్ తాగుతున్న ఇద్దరు ముగ్గురు గొల్లుమన్నారు.

"ఇక పెడల్," అన్నాడు బుల్లిబాబు, కాలు ముందుకు చాపి చెప్పుతో నేల మీద నొక్కి చూపిస్తూ. "చేతి మిషన్‌కి వేగం మార్చాలంటే ఏం చెయ్యాలి? పని ఆపాలి, రెండో చెయ్యి తెచ్చి బటన్ తిప్పాలి. ఇక్కడ ఆ గొడవ లేదు. రెండు చేతులూ పని మీదే. పూరేకు దగ్గర మెల్లగా, కాడ దగ్గర జోరుగా, అంతా బొటనవేలి కింద ఉంటుంది. నేను అద్దాలు తుడిచేవాళ్ల ఉయ్యాల ఎక్కి, పెడల్ కాలికింద పెట్టుకుని కూర్చున్నాను. పావు తొక్కానా, బోరబండలో లైట్లు మసకబారాయి. సగం తొక్కానా, మియాపూర్‌లో ఇళ్లల్లో ఫ్యాన్లు ఎదురు తిరిగాయి. మంచాల మీద పడుకున్నవాళ్లు దుప్పట్లతో సహా పైకి లేచారు."

"మరి పూర్తిగా తొక్కితే ఏమయిందండీ?" అంది కిరణ్మయి.

బుల్లిబాబు మొహం గంభీరంగా పెట్టాడు. "తొక్కలేదమ్మా. పిల్లాపాపలున్న ఊరు. ఆమాత్రం బాధ్యత లేనివాణ్నా నేను?"

కిరణ్మయి నవ్వాపుకోలేక చాయ్ కప్పు కింద పెట్టేసింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. బుల్లిబాబు ఓరగా చూసుకున్నాడు. ఇక తిరుగు లేదు, ఆ వీడియోల కుర్రాడు ఎవడో గానీ వాడు ఇంట్లో కూర్చోవాల్సిందే అనుకున్నాడు. ఇక్కడ ఆగినా సరిపోయేది. కానీ తీగ ఇంకా సగం బిల్డింగు దాకానే పాకింది, దాన్ని అక్కడ వదిలేసి ఎలా దిగుతాడు?

"ఉయ్యాల పైకి పోతోంది, నేను చెక్కుతూనే ఉన్నాను. ఆకు, ఆకు మీద ఈనె, ఈనె మీద చీమ. అద్దం పొడి మంచులాగా కురిసి గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద పట్టపగలు కార్లు లైట్లేసుకుని నడిచాయి. శ్రమంటావా? లేదు! చెప్పానుగా, చేతిలో ఉన్నది పెన్నంతే. ఇరవయ్యో అంతస్తు దగ్గర చిన్న కునుకు కూడా తీశాను, చెయ్యి దాని పని అది చేసుకుంటూనే ఉంది. సాయంత్రానికి నలభయ్యో అంతస్తు. అక్కడ గుత్తులు గుత్తులుగా మొగ్గలు చెక్కేసి కిందికి దిగాను. దిగి తలెత్తి చూశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు మొగిలి. ఆపుకోలేకే అన్నాడు.

"పొద్దుగూకింది కదా. మొగ్గలు విచ్చుకున్నాయి!"

బండి చుట్టూ ఉన్నవాళ్లు ఒక్కసారి "ఓహో!" అన్నారు. బుల్లిబాబు చెయ్యెత్తి వాళ్లని ఆపాడు.

"వాసనండీ! కొండాపూర్ దాకా గుప్పుమంది. పూలమ్ముకునేవాళ్లు బుట్టలూ నిచ్చెనలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. ముప్ఫయ్యో అంతస్తు అద్దానికి తేనెపట్టు పట్టింది. ఆ తేనె పెద్దాయన నాకు సీసాలో పోసి పంపించాడు."

మొగిలి కప్పు పక్కన పెట్టి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. తన గేటు, తన బిల్డింగు. ఇంక ఊరుకుంటే తన డ్యూటీకే మాట వచ్చేలా ఉంది. "అన్నా, నేను దినాం ఆ గేటు కాడనే నిలబడ్త. అద్దం మీద గోటి గీత గూడ లేదు. ఏది నీ తీగ?"

"ఎండాకాలమయ్యా బాబూ! ఈ ఎండలకి మనుషులే నిలబడలేకపోతుంటే మల్లెతీగ నిలబడుద్దా? ఎండి రాలిపోయింది. వానలు పడనీ, దానంతట అదే చిగురేస్తుంది."

"రాలిన ఆకులన్న ఊడ్వాలె గద ఎవరో ఒకరు! సరే, గదీ వదిలెయ్. నన్ను దాటకుంట ఉయ్యాల ఎక్కెటోడు లేడు. నువ్వు చెక్కిన నాడు నేనేడున్న? ఏ రోజు చెక్కినవో చెప్పు."

బుల్లిబాబు బుర్ర చకచకా తిరిగింది. మొగిలి గేటు దగ్గర లేని రోజు ఒకటి కావాలి. ఆదివారాలు కూడా ఉంటాడు మహానుభావుడు. గేటు వదిలి ఊరికి పోయేది ఏడాదిలో ఒక్క పండక్కే. దొరికింది!

"మొన్న దసరా నాడు," అన్నాడు గుండెలు విరుచుకుని. "ఆఫీసులన్నిటికీ సెలవు, బిల్డింగులో పిట్ట లేదు. నువ్వు మీ పరకాలలో మాంసం తింటూ కూర్చున్నావు. అవునా కాదా?"

మొగిలి వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. అవును, ఆ రోజు ఊళ్లోనే ఉన్నాడు. బుల్లిబాబు కిరణ్మయి వైపు తిరిగి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

పొయ్యి దగ్గర్నుంచి సత్తెమ్మ ఇటు తిరిగింది. మంట తగ్గించింది.

"దసరా నాడా, అన్నా?"

"దసరా నాడే."

"ముందునాడు కాదు గద? పండుగ నాడే?"

"పండగ నాడేనే! పొద్దున్నించి సాయంత్రం దాకా."

"మరి దసరా నాడు పొద్దుగాల్నించి నా బండి కాడ గీ స్టూలు మీద కూసున్నది ఎవలు?" సత్తెమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "పాల పాకెట్ కోయనీకి నేను కత్తెర వట్టుకుంటే లొల్లి లొల్లి జేసినవ్. 'ఆయుధ పూజే సత్తెమ్మా, ఇయ్యాల పనిముట్టు ముట్టుకుంటే కళ్లు పోతాయి' అన్నవ్. నా కత్తెరకు పసుపు రాపిచ్చి, బొట్టు వెట్టిచ్చి, దేవుని పటం ముందట వెట్టిచ్చినవ్. దినమంత పాల పాకెట్లు పండ్లతోని చింపిన నేను! దవడ ఇంక గుంజుతున్నది. 'నా మిషన్ చూసి నేర్చుకో, బొట్టు పెట్టేశాను, రేపు పొద్దున దాకా దేవుడు దిగొచ్చినా దాన్ని ముట్టను' అని నువ్వు గాదా అన్నది?"

చుట్టూ నిలబడ్డవాళ్ల నవ్వులు ఆగిపోయాయి. అందరూ పనిముట్టు మీద బతికేవాళ్లే. ఒకడు ప్లంబరు, ఒకడు ఏసీ మెకానిక్కు. పండగ నాడు పానా దగ్గర్నుంచి స్క్రూడ్రైవరు దాకా కడిగి, బొట్టు పెట్టి, పూజలో పెట్టి, మర్నాడు గానీ చేతిలోకి తీసుకోని మనుషులు. వాళ్లు బుల్లిబాబు వైపు చూసిన చూపు మారింది.

బుల్లిబాబు అడ్డంగా ఇరుక్కున్నాడు. కోతలరాయుడంటే ఆయనకేం నొప్పి లేదు, ఆ పేరు ఎప్పుడో అలవాటైపోయింది. కానీ బొట్టు పెట్టిన మిషన్ని పండగ నాడు తిప్పాడని ఒక్కరు నమ్మినా ఆయన తట్టుకోలేడు. నిజానికి ఆ రోజు దానికి అరటిపండు పెట్టి, అగరొత్తి వెలిగించి, దాని పక్కన పని లేకుండా కూర్చోలేక ఇక్కడికొచ్చి కూర్చున్నాడు. ముట్టాననీ అనలేడు, ముట్టలేదంటే నలభై అంతస్తుల తీగా ఉత్తదే అయిపోతుంది. అందరూ తననే చూస్తున్నారు. కిరణ్మయి కూడా చూస్తోంది. అంతలో బుర్రలో దీపం వెలిగింది.

"ముట్టానని ఎవడన్నాడు?" అన్నాడు, గొంతు పెంచి. "నేను ముట్టలేదే! అసలు గొప్పంతా అందులోనే ఉంది కదా! పొద్దున్నే పూజ చేశాను, హారతిచ్చాను, 'అమ్మా, ఇదీ సంగతి, నలభై అంతస్తుల పనుంది, నేను నిన్ను ముట్టుకోకూడదు, ఏం చేస్తావో నీ ఇష్టం' అని దండం పెట్టి ఇక్కడికొచ్చేశాను. నేనిక్కడ నీ చాయ్ తాగుతున్నాను, అక్కడ అది బయల్దేరింది. క్రేన్ దానంతట అదే ఎక్కింది. పెడల్ అదే తొక్కుకుంది. తీగ అదే చెక్కింది, ఆకులు అదే చెక్కింది, మధ్యలో పిడి కొసనుండే చెక్కే బిట్ అరిగితే అదే మార్చుకుంది. సాయంత్రం వచ్చి కొక్కేనికి అదే వేలాడింది. నేనింటికెళ్లేసరికి పాపం ఇంకా రొప్పుతోంది! ఇన్నేళ్లు నా చేతిలో ఉన్న మిషను. ఆమాత్రం నేర్చుకోదా?"

ఈసారి మొగిలి కూడా చప్పట్లు కొట్టాడు. ఏసీ మెకానిక్కు ఈల వేశాడు. "నీకో దండం అన్నా," అని సత్తెమ్మ రెండు చేతులూ ఎత్తేసి పొయ్యి వైపు తిరిగిపోయింది. బుల్లిబాబు చొక్కా కాలరు సర్దుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంత గొప్పగా ఎప్పుడూ గట్టెక్కలేదనిపించింది. కాలు మీద కాలేసుకుని కిరణ్మయి వైపు తిరిగాడు.

"ఇప్పుడు చెప్పమ్మా. ఏ మిషన్ కొంటావు?"

కిరణ్మయి టైము చూసుకుని లేచింది. "వేలాడేదే కొంటానండి బాబాయ్ గారూ. ఇంక అనుమానమే లేదు."

"అదీ!"

"నాకింకో తలనొప్పి కూడా తీర్చేశారు మీరు."

"ఏంటమ్మా అది?"

"నేర్పే మనిషి కావాలని ఇన్నాళ్లూ తిరిగాను కదండీ. మిషనే ఎక్కి, మిషనే తొక్కుకుని, మిషనే చెక్కేస్తుందంటే ఇంక మనిషెందుకు? మిషనొక్కటే చాలు, ఎవర్నీ పెట్టక్కర్లేదని చెప్పేస్తాను," అంటూ ఫోనులో టైపు చెయ్యడం మొదలెట్టింది.

బుల్లిబాబు కాలు మీంచి కాలు జారింది. నవ్వుదామని చూశాడు, రాలేదు. కిరణ్మయి మొహంలోకి చూశాడు. ఆ పిల్ల నవ్వడం లేదు, బొటనవేళ్లు టకటకా కదులుతున్నాయి. శనివారం గది, చుట్టూ చేరిన కుర్రాళ్లు, "అబ్బా!" అనే నోళ్లు, అన్నీ ఆ ఫోనులోంచి ఒక్క నొక్కుతో పోతున్నట్టు అనిపించింది.

"పంపకు! పంపకమ్మా!" స్టూలు వెనక్కి పడేలా లేచాడు. "అది కదలదమ్మా. చెయ్యి పడకపోతే అది కొక్కేనికి వేలాడే ఇనుమే, ఇంకేం కాదు. దసరా నాడు నేనిక్కడే ఉన్నా. ఇదే స్టూలు. తీగా లేదు, మల్లెలూ లేవు."

"తేనె?" అన్నాడు మొగిలి.

"తేనే లేదు."

"మరి మా అంజమ్మ చీరెలు?" అంది సత్తెమ్మ.

"బోరబండ ఎటుంటుందో కూడా నాకు తెలీదు సత్తెమ్మా, నన్నొదిలెయ్యి."

కిరణ్మయి వేళ్లు ఆగాయి గానీ ఫోను కిందికి దించలేదు. "ముక్కుపుడకో?"

"ముక్కుపుడక నిజం," అన్నాడు బుల్లిబాబు. వెంటనే గొంతు తగ్గించాడు. ఇంత చిన్న గొంతు ఆయనకుందని ఆ బండి దగ్గర ఎవరికీ తెలీదు. "గంటలో కాలేదు. రెండు రోజులు పట్టింది. చెక్క ఇంత పలచన, పొరపాటున లోతు దిగితే అమ్మవారి మొహం పోతుంది. పెడల్ మీద వేలు ఆనీ ఆననట్టు ఉంచి, ఊపిరి బిగబట్టి, ఒక గీత గీసి లేచేవాణ్ని. బయటికెళ్లి తిరిగొచ్చి మళ్లీ కూర్చునేవాణ్ని. భయమేసింది. ఆ ఇంట్లోవాళ్లకి చెప్పలేదు గానీ, చాలా భయమేసింది."

కిరణ్మయి ఫోనులో రాసింది చెరిపేసింది.

"ఇది ముందే చెప్పొచ్చు కదా బాబాయ్ గారూ. గంటలో అయిపోయే పనికైతే మా వాళ్లకి వీడియో చాలు. ఒక గీతకోసం రెండు రోజులు కూర్చునే మనిషే మాకు దొరకలేదు. శనివారం పదింటికి వచ్చెయ్యండి. మిషన్ ఎక్కడ తగిలించాలో కూడా మీరే చూద్దురు గాని."

బుల్లిబాబు తలూపాడు. వెనక్కి పడ్డ స్టూలు లేపి నిలబెట్టాడు. కిరణ్మయి రోడ్డు దాటి అద్దాల బిల్డింగు వైపు వెళ్లిపోయింది. మొగిలి టోపీ పెట్టుకుని ఆమె వెనకాలే రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"అన్నా, గేటు కాడ చెప్పి పెట్టాలె. శనివారం నువ్వొస్తవా, మిషన్ని ఒక్కదాన్నే తోలుతవా?"

"నేనే వస్తానయ్యా," అన్నాడు బుల్లిబాబు.